ఫిన్లాండ్ సౌనా: మొదటిసారి వెళ్లేవాళ్లు ఎలా చేయాలి?

ఫిన్లాండ్‌లో ఫ్లాట్ అద్దెకు తీసుకుంటే, చాలా ఇళ్లలో బాత్రూమ్‌ని ఆనుకుని ఒక చిన్న చెక్క గది ఉంటుంది. లోపల మెట్లలాగా రెండు వరుసల బల్లలు, ఓ మూల రాళ్లు నింపిన ఎలక్ట్రిక్ పొయ్యి. అదే సౌనా. ఉద్యోగాల మీద హెల్సింకీ, ఎస్పో వచ్చిన మనవాళ్లు కొందరు ఆ గదిని స్టోర్ రూమ్ చేసేస్తారు. బియ్యం బస్తా, ఖాళీ సూట్‌కేసులు, పిల్లల పాత బొమ్మలు అన్నీ అందులోకే. చలికాలంలో బట్టలు ఆరకపోతే అక్కడే తాడు కట్టి ఆరేస్తారు. దయచేసి ఈ పని చేయకండి. పొరపాటున ఎవరి చెయ్యో తగిలినా, పిల్లలు టైమర్‌తో ఆడుకున్నా పొయ్యి రాజుకుంటుంది. పైన ఆరేసిన తువ్వాలు జారి రాళ్ల మీద పడితే ఇల్లే అంటుకుంటుంది. అక్కడ సౌనా గదుల్లో జరిగే అగ్నిప్రమాదాలకు ఇలా ఆరేసిన బట్టలు, దాచిన సామాన్లు తరచూ కారణమవుతుంటాయి.

ఆ గదిని ఖాళీ చేసి, దాన్ని కట్టిన పనికే వాడుకోండి. సుమారు 55 లక్షల జనాభా ఉన్న దేశంలో 30 లక్షల దాకా సౌనాలు ఉన్నాయని అంచనా. ఫ్లాట్లలో, చెరువు గట్టు మీది కాటేజీల్లో, ఆఫీసుల్లో, చివరికి పార్లమెంటు భవనంలో కూడా ఉంటాయి. పల్లెల్లో కొత్త స్థలం కొన్నవాళ్లు ముందు సౌనా కట్టుకుని, అందులో ఉంటూ ఇల్లు కట్టుకున్న రోజులున్నాయి. ఆడవాళ్లు అందులోనే పురుడు పోసుకునేవారు, చనిపోయినవాళ్లకు చివరి స్నానం అక్కడే చేయించేవారు. వేడి, నీళ్లు, శుభ్రత మూడూ దొరికే చోటు ఇంటి మొత్తంలో అదొక్కటే మరి. 2020లో యునెస్కో ఫిన్లాండ్ సౌనా సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంత చరిత్ర ఉన్నా, కొత్తగా వెళ్లే మనవాళ్లు దాన్నొక పరీక్షలాగా తీసుకుంటారు. ఎంత వేడి తట్టుకున్నాం, ఎన్ని నిమిషాలు కూర్చున్నాం అని లెక్కలేస్తారు. నేను చెప్పే పద్ధతి మొత్తం దీనికి వ్యతిరేకం. సౌనాలో పందేలు లేవు. ఒళ్లు చాలన్న క్షణంలో లేచి బయటికి రావడమే సరైన పద్ధతి.

ఏ సౌనాకి వెళ్లాలి

ఇంట్లో ఉంటే అక్కడే మొదలుపెట్టండి, మొహమాటం ఉండదు. లేకపోతే అపార్ట్‌మెంట్ బిల్డింగులో అందరికీ కలిపి ఒక సౌనా ఉంటుంది. నెలకు కొంత డబ్బు కడితే వారంలో ఒక గంట మీ పేరున రాసిస్తారు. శుక్ర, శని వారాల సాయంత్రాలకు గిరాకీ ఎక్కువ కాబట్టి ఇంట్లో దిగిన వారంలోనే అడిగి పెట్టుకోవడం మేలు. శనివారం సౌనా అక్కడ తరతరాల అలవాటు.

పబ్లిక్ సౌనాల్లో నేనైతే ముందు చెప్పేది తంపెరే నగరం పిస్పలలోని రాజాపోర్తి. 1906 నుంచి నడుస్తోంది, దేశంలో ఇంకా వాడుకలో ఉన్న పబ్లిక్ సౌనాల్లో అదే అన్నిటికంటే పాతది. హెల్సింకీలో అయితే కల్లియో పేటలో 1928 నాటి కోతిహర్యు ఉంది. కట్టెల పొయ్యి. మగవాళ్లకు, ఆడవాళ్లకు వేర్వేరు గదులు. చలికాలంలో అటు వెళ్తే నడుముకి తువ్వాలు చుట్టుకుని, ఒంటి మీద పొగలు లేస్తుంటే వీధి పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లు కనిపిస్తారు. మంచు కురుస్తున్నా వాళ్లకు పట్టదు. సముద్రం ఒడ్డున 2016లో తెరిచిన లోయ్‌లు అనే సౌనా కొత్త తరహాది. అక్కడ ఆడా మగా కలిసే కూర్చుంటారు, అందుకని స్విమ్‌సూట్ తప్పనిసరి. కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఇదే సులువు.

బట్టల సంగతి

మనవాళ్ల అసలు టెన్షన్ ఇక్కడే. పాత పద్ధతి సౌనాల్లో బట్టలు లేకుండానే కూర్చుంటారు. కానీ మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో. కుటుంబ సభ్యులైతే కలిసి కూర్చుంటారు. ఎవరూ ఎవరి వైపూ తేరిపార చూడరు, దాని గురించి మాట్లాడరు. మీకు ఇబ్బందిగా ఉంటే పెద్ద తువ్వాలు చుట్టుకుని కూర్చోండి, ఎవరూ తప్పు పట్టరు. ఆఫీసు వాళ్లు పిలిస్తే ముందే అడిగేయండి: అందరూ కలిసి వెళ్తారా, విడివిడిగానా, ఏం వేసుకుంటారు అని. ఇలా అడగడం అక్కడ మర్యాదే.

జిమ్ బట్టలు, నైలాన్ లోదుస్తులు మాత్రం వద్దు. వేడికి ఒంటికి అంటుకుపోతాయి, చెమట ఆరనివ్వవు. గొలుసులు, ఉంగరాలు, మంగళసూత్రం, చెవిపోగులు తీసి భద్రంగా పెట్టి వెళ్లండి. లోహం చాలా తొందరగా కాలుతుంది. తీయడానికి మనసొప్పనివాళ్లు మెడకు తడి గుడ్డ చుట్టుకుని కింది బల్ల మీదే కూర్చోవాలి. కళ్లద్దాలు కూడా బయటే.

దగ్గర ఉండాల్సిన సామాను

పెద్ద ఖర్చేమీ లేదు. ఒంటికి ఒక తువ్వాలు, కూర్చోడానికి ఇంకో చిన్న తువ్వాలు లేదా నార గుడ్డ. బల్ల మీద చెమట పడకుండా, వేడి చెక్క ఒంటిని కాల్చకుండా అది కాపాడుతుంది. పబ్లిక్ సౌనాల్లో పల్చటి పేపరు ఆసనాలు పెడతారు. నీళ్లకు చెక్క బకెట్, దాని పేరు కియులు. పొయ్యి మీద నీళ్లు చల్లడానికి పొడుగు కాడ గరిటె, కౌహా అంటారు. ఈ రెండూ చెక్కవో, చెక్క పిడి ఉన్నవో కొనండి. గోడకు థర్మామీటర్ ఉంటే మంచిదే గానీ దాన్నే చూస్తూ కూర్చోకండి. తల చుర్రుమనేవాళ్లకు ఉన్ని టోపీ పనికొస్తుంది. తల మీది వేడిని ఉన్ని అడ్డుకుంటుంది. సువాసన తైలాలు అమ్ముతారు. వాడితే బకెట్ నీళ్లలో చుక్క కలపాలి తప్ప నేరుగా రాళ్ల మీద పోయకూడదు, మండుతుంది.

ఇక విహ్తా. దేశానికి తూర్పు వైపు దీన్నే వస్తా అంటారు. బర్చ్ చెట్టు లేత కొమ్మల్ని మూరెడు పొడుగున కోసి, ఆకుల నున్నటి వైపు బయటికి వచ్చేలా పేర్చి, మొదళ్లను మెలితిప్పిన పచ్చి కొమ్మతోనే బిగించి కట్టిన కట్ట ఇది. జూన్ నెలాఖరులో వచ్చే నడివేసవి పండుగ నాటికి ఆకు గట్టిపడి, రాలకుండా ఉంటుంది. అప్పుడు కట్టుకున్నవే మేలు. కొందరు ఎండబెట్టి దాచుకుంటారు, కొందరు ఫ్రీజర్‌లో పెట్టుకుంటారు. ఎండిన కట్టను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి. కాసేపటికి ఆకులు మళ్లీ విచ్చుకుంటాయి, నీళ్లు లేత టీ రంగులోకి తిరుగుతాయి, గది నిండా వాన కురిసిన అడవి వాసన. దాంతో భుజాలు, వీపు, పిక్కలు మెల్లగా తట్టుకోవాలి. కొట్టుకోవడం కాదు, తట్టుకోవడం. ఆకులు వేడి గాలిని ఒంటి మీదికి తోస్తాయి, రక్తం చర్మం దాకా పరుగెత్తుతుంది. వీపు అందకపోతే పక్కవాళ్లు సాయం చేస్తారు. పబ్లిక్ సౌనాల్లో కొన్నిచోట్ల ఆకులు కాలువలో పడతాయని విహ్తా వద్దంటారు, బోర్డు చూసుకోండి.

ఇప్పుడు లోపలికి

భోజనం చేసి గంటన్నర, రెండు గంటలైనా గడవాలి. పూర్తిగా ఖాళీ కడుపుతో కూడా వద్దు, కళ్లు తిరుగుతాయి. ఒకటి రెండు గ్లాసుల మంచినీళ్లు తాగండి. ఇంటి ఎలక్ట్రిక్ పొయ్యి అయితే అరగంట నుంచి ముప్పావుగంట ముందే ఆన్ చేయాలి. గాలి వేడెక్కితే చాలదు, రాళ్లు లోపలి దాకా కాలాలి.

మొదట సబ్బుతో స్నానం చేయండి. ఇది నియమం, ఎవరికీ మినహాయింపు లేదు. తర్వాత తుడుచుకుని లోపలికి వెళ్లండి. తలుపు వెంటనే మూసేయాలి, తెరిచి నిలబడితే వేడంతా పోతుంది.

కింది బల్ల మీద కూర్చోండి. పైకీ కిందికీ వేడిలో చాలా తేడా ఉంటుంది. పై బల్ల దగ్గర 80, 90 డిగ్రీలుంటే పాదాల దగ్గర అందులో సగం కూడా ఉండకపోవచ్చు. 45 డిగ్రీలకే రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం, మరి 80 డిగ్రీల్లో మనిషి ఎలా కూర్చుంటాడని అనుమానం రావడం సహజం. అక్కడి గాలి పొడిగా ఉంటుంది. పొడి గాలి ఒంటికి అందించే వేడి తక్కువ, పట్టిన చెమట ఎప్పటికప్పుడు ఆవిరైపోతూ చర్మాన్ని చల్లబరుస్తుంది. అందుకే అదే వేడి ఉన్న నీళ్లలో చెయ్యి పెట్టలేం గానీ ఆ గాలిలో కూర్చోగలం.

నాలుగైదు నిమిషాలకు ఒళ్లు చెమ్మగిల్లుతుంది. అప్పుడు గరిటెడు నీళ్లు రాళ్ల మీద. ముందు పక్కవాళ్లను అడగండి, "పోయమంటారా?" అని. గరిటె నిండుగా ఒక్కసారే కుమ్మరించకుండా రాళ్ల మీద నలువైపులా చిలకరించినట్టు పోయాలి, చెయ్యి పొయ్యికి సూటిగా పైన ఉండకూడదు. చుయ్‌మని చప్పుడు. ఒక క్షణం ఏమీ కాదు. ఆవిరి ముందు కప్పుకి తగిలి, అక్కడి నుంచి దిగుతుంది. చెవి తమ్మెలకు తెలుస్తుంది మొదట, తర్వాత భుజాల మీద, ఆ తర్వాత వీపంతా. ముక్కుపుటాలు చుర్రుమంటే తల కాస్త వంచి నోటి మీద అరచెయ్యి పెట్టుకుని నెమ్మదిగా ఊపిరి తీయండి. అర నిమిషంలో సర్దుకుంటుంది. ఈ ఆవిరినే లోయ్‌లు అంటారు, ఫిన్లాండ్ వాళ్లకు సౌనా అంటే ప్రాణం అదే. గోడ మీది థర్మామీటర్ ముల్లు పెద్దగా కదలదు, అయినా ఒళ్లు ఒక్కసారిగా కాగినట్టుంటుంది. ఆవిరి మన చర్మం మీద నీరుగా మారుతూ తనలోని వేడినంతా మనకు ఇచ్చేస్తుంది కాబట్టి.

మొదటిసారి 8 నుంచి 10 నిమిషాలు చాలు. గుండె దడదడలాడినా, తల తిరిగినట్టున్నా, చెమట పట్టడం ఆగినా ఆ నిమిషమే లేవండి. లేచేటప్పుడు తొందర వద్దు. ఒక అర నిమిషం కాళ్లు కింద పెట్టుకుని కూర్చుని, గోడ పట్టుకుని దిగండి.

బయటికి వచ్చాక చల్లటి నీళ్ల షవర్ కింద నిలబడొచ్చు, లేదా ఊరికే బాల్కనీలో గాలికి కూర్చోవచ్చు. ముందు కాళ్లు, చేతులు తడుపుకుని తర్వాత వీపు మీద పోసుకుంటే చలి తక్కువ తెలుస్తుంది. ఒక పది నిమిషాలైనా ఊరికే కూర్చోండి. చాలామంది ఈ విరామాన్ని వృథా అనుకుని మళ్లీ లోపలికి పరుగెత్తుతారు. నా ఉద్దేశంలో సౌనాలో సగం ఈ కూర్చోవడమే. వేడి వదిలిన ఒంట్లో నరాలు, కండరాలు సడలేది ఇప్పుడే, మనసు తేలికపడేదీ ఇప్పుడే. నీళ్లు తాగండి, ఊపిరి కుదుటపడ్డాకే రెండోసారి వెళ్లండి. ఇలా రెండు మూడు విడతలు సరిపోతాయి. అలవాటయ్యాక పై బల్ల ఎక్కండి.

లోపల ఎలా ఉండాలి? సౌనాలో చర్చిలో ఉన్నట్టు ఉండాలని అక్కడి పెద్దలు పిల్లలకు చెప్పే మాట. అంటే కేకలు, గొడవలు, ఫోన్లు వద్దు. మెల్లగా మాట్లాడుకోవచ్చు, మాట్లాడకుండా కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకోరు. 1960లో సోవియట్ నేత కృశ్చెవ్ వచ్చినప్పుడు అప్పటి అధ్యక్షుడు కెక్కోనెన్ ఆయన్ని తన సౌనాకే తీసుకెళ్లారు. ఆ బల్ల మీద హోదాలుండవు.

పొగ సౌనా, మంచు నీళ్లు

పల్లె వైపు వెళ్తే పొగ సౌనా దొరికితే వదలకండి. దానికి పొగగొట్టం ఉండదు. రాళ్ల కుప్ప కింద కట్టెలు గంటల తరబడి మండిస్తారు, పొగంతా గదిలోనే తిరుగుతుంది. మంట పూర్తిగా ఆరాక పొగను బయటికి పంపి, బల్లల మీది మసి తుడిచి, అప్పుడు మనుషుల్ని రానిస్తారు. గోడలన్నీ నల్లగా ఉంటాయి, ఆనుకోకండి. లోపలి వేడి ఎంతో మెత్తగా ఉంటుంది, సన్నటి పొగ వాసన జుట్టులో మర్నాటిదాకా నిలుస్తుంది.

చలికాలంలో గడ్డకట్టిన చెరువులో చేసిన రంధ్రంలో దిగడం ఇష్టమైనవాళ్ల కోసం. దూకకండి. నిచ్చెన పట్టుకుని దిగి, ఊపిరి బయటికి వదులుతూ, కొన్ని సెకన్లలోనే పైకి రావాలి. తల ముంచొద్దు, టోపీ తీయొద్దు, ఒంటరిగా అసలే వద్దు. చల్లటి నీళ్లు తగలగానే ఊపిరి ఎగపోసుకొస్తుంది, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు ఒడ్డునే ఉండండి.

ఆరోగ్యానికి ఏం మేలు

వేడికి చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, గుండె నిమిషానికి 100 నుంచి 150 సార్లు కొట్టుకుంటుంది. అంటే చురుగ్గా నడిచినప్పటి శ్రమ. బయటికి వచ్చాక బీపీ కొంత తగ్గుతుంది, కండరాల నొప్పులు సడలుతాయి, రాత్రి నిద్ర బాగా పడుతుంది.

గుండె గురించి తరచూ చెప్పే పరిశోధన తూర్పు ఫిన్లాండ్‌లోని కుఓపియో ప్రాంతంలో జరిగింది. 2,315 మంది నడివయసు మగవాళ్లను సుమారు 20 ఏళ్లు గమనించి 2015లో ఫలితాలు వెల్లడించారు. వారానికి ఒక్కసారి సౌనా చేసేవాళ్లతో పోలిస్తే నాలుగు నుంచి ఏడుసార్లు చేసేవాళ్లలో గుండె ఆగి హఠాత్తుగా చనిపోయే ముప్పు 63 శాతం తక్కువగా కనిపించింది. అయితే ఇది మనుషుల అలవాట్లను గమనించి చెప్పిన లెక్క. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువసార్లు సౌనాకి వెళ్లగలిగి ఉండొచ్చు కూడా. కాబట్టి మందులు మానేసి సౌనాని నమ్ముకోకండి. చెమటతో విషాలన్నీ పోతాయనే మాట కూడా పట్టించుకోవద్దు, ఆ పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి. సౌనా తర్వాత తూకంలో తగ్గేది నీళ్ల బరువు మాత్రమే.

ఈ కింది విషయాలు శ్రద్ధగా చదవండి, ఎందుకంటే మన ఇళ్లలో షుగర్, బీపీ లేని ఇల్లు తక్కువ. ఇన్సులిన్ వేసుకుని సౌనాలో కూర్చుంటే ఆ మందు మామూలు కంటే వేగంగా రక్తంలో కలిసి షుగర్ పడిపోవచ్చు. ఇన్సులిన్ పెన్ను, పంపు లోపలికి తీసుకెళ్లకండి, వేడికి మందు చెడిపోతుంది. చర్మానికి అంటించుకునే మందు పట్టీలు కూడా వేడికి ఎక్కువ మోతాదు వదులుతాయి. బీపీ మాత్రలు వాడేవాళ్లకు లేచేటప్పుడు కళ్లు తిరగడం ఎక్కువ. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, విశ్రాంతిలో కూడా ఛాతీ నొప్పి వచ్చేవాళ్లు, గుండె కవాటం బాగా సన్నబడినవాళ్లు, జ్వరంతో ఉన్నవాళ్లు వెళ్లకూడదు. గర్భిణులు డాక్టర్ని అడిగాకే వెళ్లాలి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న మగవాళ్లు కొన్నాళ్లు మానుకోవడం మంచిది, వేడికి వీర్యకణాలు తాత్కాలికంగా తగ్గుతాయి. పిల్లల్ని తీసుకెళ్తే కింది బల్ల, కొద్ది నిమిషాలు, పక్కనే పెద్దవాళ్లు.

మద్యం తాగి సౌనాకి వెళ్లకండి. అక్కడ సౌనాల్లో జరిగే మరణాల్లో చాలావాటి వెనక మందు ఉంటుంది. పంతం కూడా అంతే ప్రమాదం. హెయినోలా పట్టణంలో 1999 నుంచి ఏటా ఎవరు ఎక్కువసేపు కూర్చోగలరని ప్రపంచ పోటీలు పెట్టేవారు. 2010 ఫైనల్లో 110 డిగ్రీల గదిలో చివరిదాకా మిగిలిన ఇద్దరిలో ఒకరు చనిపోయారు, రెండోవారు ఒళ్లు కాలి ఆసుపత్రి పాలయ్యారు. ఆ పోటీలు మళ్లీ జరగలేదు.

హైదరాబాద్, విజయవాడ జిమ్ముల్లో

మన ఊళ్లలో హోటళ్లు, జిమ్ములు రెండు వేర్వేరు గదులు పెడుతుంటాయి. టైల్స్ వేసి, పొగమంచులా ఆవిరి నిండి, 45 డిగ్రీల దగ్గర ఉండేది స్టీమ్ రూమ్. చెక్క గది, రాళ్ల పొయ్యి ఉంటే సౌనా. రాళ్ల మీద నీళ్లు పోయొచ్చా అని సిబ్బందిని తప్పకుండా అడగండి. నీళ్లకు పనికిరాని హీటర్ మీద పోస్తే షాక్ ప్రమాదం. పోయొద్దంటే పొడి వేడితోనే సరిపెట్టుకోండి. వ్యాయామం అయిన వెంటనే వెళ్లకుండా, కాసేపు చల్లబడి, నీళ్లు తాగి వెళ్లండి.

అయిపోయాక

చివరి విడత తర్వాత చల్లటి నీళ్లతో ఒళ్లు కడుక్కుని, చెమట పూర్తిగా ఆగాకే బట్టలు వేసుకోండి. లేకపోతే వేసుకున్న చొక్కా మళ్లీ తడుస్తుంది. అరలీటరు దాకా చెమట పోయి ఉంటుంది, ఆ మేరకు నీళ్లు పడాలి. ఫిన్లాండ్ వాళ్లు ఉప్పటి సాసేజ్ కాల్చుకుని ఆవాల ముద్దతో తింటారు. అందులో సాధారణంగా పంది మాంసం ఉంటుంది, తినని వాళ్లు ప్యాకెట్ చూసుకోండి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఆ సమయానికి భలే ఉంటుంది, నేను ఇంటి దగ్గరైతే అదే తాగుతాను.

ఇంటి సౌనా అయితే నీళ్లతో బల్లలు కడిగి, పొయ్యి ఆపాక తలుపు తెరిచి ఉంచండి, మిగిలిన వేడికి చెక్క ఆరుతుంది. బిల్డింగు సౌనా అయితే మీ గంట పూర్తికాకముందే బకెట్ ఖాళీ చేసి, రాలిన ఆకులు ఏరేసి బయటికి రండి, తర్వాతి వాళ్లు తలుపు దగ్గర ఉంటారు. ఏడాదికోసారి పొయ్యి చల్లగా ఉన్నప్పుడు రాళ్లన్నీ బయటికి తీసి చూడండి. పగిలినవి, చేత్తో నలిపితే పొడి రాలేవి పారేసి, సౌనా కోసమే అమ్మే రాళ్లు వదులుగా పేర్చండి. వాగులో ఏరుకొచ్చిన గుండ్రాళ్లు వేయొద్దు, వేడికి పేలిపోతాయి.